తుపాకీ దించాకే అసలు కథ

గేమ్ డిజైన్, గేమ్ రైటింగ్ వైపు వెళ్లాలనుకుంటున్నారా? యుద్ధం మిగిల్చిన గాయాన్నీ, తోడు నిలిచిన మనుషుల్నీ ‘మాస్ ఎఫెక్ట్’ ఎలా చూపించిందో గమనించండి. అదే చూపుతో మీ ఊరినీ చూడండి. ఇంటర్వ్యూలో చూపించుకోదగ్గ నమూనా అక్కడే దొరుకుతుంది.

‘మీకు బాగా నచ్చిన గేమ్ ఏది? ఎందుకు నచ్చింది?’

గేమ్ స్టూడియోలో ఫ్రెషర్ ఉద్యోగానికి వెళ్లేవారు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. మొదటి సగానికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది. రెండో సగం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ‘గ్రాఫిక్స్ సూపర్ ఉంటయ్ సార్’, ‘ఫైట్లు మస్తుంటయ్’ అంటారు. అది ఆడేవాళ్లు చెప్పే మాట. తయారు చేయాలనుకునేవాళ్లు ఇంకో మాట చెప్పాలి. ఏ సన్నివేశం మనసుకు తగిలింది? అది తగిలేలా దాన్ని ఎలా కట్టారు?

మీరు చొప్పదండిలో ఉండి డిగ్రీ చదువుతుండొచ్చు. నాచుపల్లి జేఎన్టీయూలో బీటెక్ చేస్తుండొచ్చు. కరీంనగర్‌లో రూమ్ తీసుకుని ఒక చేత్తో గ్రూప్స్ పుస్తకాలు, ఇంకో చేత్తో జావా నోట్సు తిరగేస్తుండొచ్చు. రాత్రి పూట మాత్రం గేమ్ ఆడతారు. ఇంట్లో తిట్లూ తింటారు. ఆ ఆడే సమయంలో కొంత భాగాన్ని చదువుగా మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. అందుకు ఒక మంచి రోల్ ప్లేయింగ్ గేమ్‌ను విప్పి చూడాలి.

ఏమిటీ ఆట?

కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ స్టూడియో ‘మాస్ ఎఫెక్ట్’ను 2007లో తెచ్చింది. రెండో భాగం 2010లో, మూడోది 2012లో వచ్చాయి. మూడింటినీ మెరుగుపరిచి 2021లో ‘లెజెండరీ ఎడిషన్’ పేరుతో ఒకే కట్టగా విడుదల చేశారు. పెద్దల కోసం చేసిన ఆట ఇది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇచ్చేది కాదు.

కథ పైకి మామూలుగానే కనిపిస్తుంది. కమాండర్ షెపర్డ్ ఒక సైనికాధికారి. మగా ఆడా అన్నది ఎంచుకునేది మీరే. ‘నార్మండీ’ అనే అంతరిక్ష నౌక, అందులో రకరకాల గ్రహాల నుంచి వచ్చిన సహచరులు. రీపర్లు అనే మహా యంత్రాలు జీవరాశిని తుడిచిపెట్టడానికి వస్తుంటాయి. వాటిని ఆపాలి.

అయితే మొదటి ఆట మొదలుకాకముందే ఒక స్క్రీన్ వస్తుంది. షెపర్డ్ గతాన్ని మీరే ఎంచుకోవాలి. పదహారేళ్ల వయసులో దాడిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషా? యాభైమంది సైనికులు చనిపోయిన చోట ఒక్కడే బతికి బయటపడ్డవాడా? యుద్ధంలో పేరు తెచ్చుకున్న వీరుడా? గెలుపు కోసం తన వాళ్ల ప్రాణాలనూ లెక్కచేయనివాడా? అంటే మీరు తుపాకీ పట్టకముందే మీ పాత్ర భుజాన ఒక బరువు ఉంటుంది. బలం, ఆయుధం, కవచం ఎంచుకున్నట్టే గాయాన్నీ ఎంచుకుంటారు. గేమ్ రైటింగ్‌లో మొదటి పాఠం ఇదే. పాత్రకు ఏం చేతనవుతుందో చెబితే సరిపోదు, ఏం పోగొట్టుకుందో కూడా చెప్పాలి.

శత్రువులు లేని మిషన్

రెండో భాగం మొదట్లోనే నార్మండీ నౌక కూలిపోతుంది. షెపర్డ్ చనిపోతాడు. రెండేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు అతన్ని మళ్లీ లేపి కూర్చోబెడతారు. తర్వాత ఎప్పుడో ఒక చిన్న పని అప్పగిస్తారు. నౌక కూలిన మంచు గ్రహానికి వెళ్లి, చనిపోయిన సిబ్బంది మెడల్లోని గుర్తింపు బిళ్లలు ఏరుకు రావాలి. మొత్తం ఇరవై.

అక్కడ దిగాక ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. శత్రువు రాడు. తుపాకీ పేలదు. మంచులో విరిగిన ఇనుప ముక్కల మధ్య మీరు ఒక్కరే నడుస్తారు. ఒక మూల బిళ్ల మెరుస్తుంది. వంగి తీసుకుంటారు. మళ్లీ నడుస్తారు. ఇది భోజనాల గది, ఇది నేను నిలబడి ఆజ్ఞలిచ్చిన చోటు అని గుర్తొస్తుంటుంది. చివరికి ఒక స్మారక చిహ్నం నిలబెట్టి వెనక్కి వస్తారు. అంతే.

డిజైన్ పరంగా చూడండి. మామూలుగా ఏదైనా ఏరుకు రమ్మన్న పని ఆటగాడికి విసుగు పుట్టిస్తుంది. ఇక్కడ అదే పని మౌనం పాటించినట్టు అవుతుంది. ఎందుకంటే ఏరుతున్నది బంగారు నాణేలు కాదు. పేర్లు. పాత మెకానిక్‌కే కొత్త అర్థం ఇచ్చారు. ఇంటర్వ్యూలో మీరు ‘ఈ సీన్ బాగుంది’ అని ఆగిపోకుండా ఈ సంగతి చెప్పగలిగితే, అవతలివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

మూడో భాగంలో నార్మండీ లోపలే ఒక గోడ ఉంటుంది. చనిపోయిన సహచరుల పేర్లు దాని మీద ఉంటాయి. ఆ జాబితా అందరికీ ఒకటి కాదు. మొదటి రెండు ఆటల్లో మీ నిర్ణయాల వల్ల ఎవరు పోయారో వాళ్ల పేర్లూ అక్కడ చేరతాయి. లిఫ్ట్ దిగిన ప్రతిసారీ ఆ గోడ ఎదురుగా కనబడుతుంది. ఎవరూ మిమ్మల్ని నిందించరు. గోడ ఉంటుంది, అంతే.

ఇక కలలు. యుద్ధం మొదలైన రోజు షెపర్డ్ కళ్లముందే ఒక పిల్లాడు చనిపోతాడు. ఆ తర్వాత కలలో చీకటి అడవి, ముందు పరుగెత్తే పిల్లాడు, చెవుల్లో పోయినవాళ్ల గుసగుసలు. కలలో మీరు వేగంగా పరుగెత్తలేరు. కాళ్లు బరువెక్కినట్టు కదులుతాయి. తుపాకీ ఉండదు. అన్ని గంటల పాటు చేతికిచ్చిన శక్తినంతా ఆ కాసేపు వెనక్కి లాగేసుకుంటారు. నిస్సహాయత అనే మాట డైలాగ్‌లో రాయలేదు. జాయ్‌స్టిక్ పట్టుకున్న వేళ్లకు తెలిసేలా చేశారు.

ఆసుపత్రిలో సగం మాటలు

యుద్ధ గాయం గురించి ఈ ఆటలో గుర్తుంచుకోవాల్సిన సన్నివేశం ఇంకోటి ఉంది. మూడో భాగంలో ఒక ఆసుపత్రి. అక్కడ ఒక అసారీ సైనికురాలు డాక్టర్‌తో మాట్లాడుతుంటుంది. మీరు పక్క నుంచి వెళ్తుంటే కొన్ని మాటలు వినబడతాయి. ఆగి వింటే వింటారు, లేకుంటే లేదు. తర్వాత మిషన్ అయ్యాక మళ్లీ వస్తే ఇంకొన్ని మాటలు. శత్రువులు వెతుకుతుంటే ఒక అమ్మాయితో కలిసి దాక్కున్నప్పుడు ఏం జరిగిందో కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఆమె ప్రాణం దక్కింది, అమ్మాయి ప్రాణం దక్కలేదు. ఆ బతకడాన్నే ఆమె మోయలేకపోతుంటుంది. తన ఆయుధం తనకు తిరిగి ఇప్పించమని అడుగుతుంటుంది. దానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది చివరికి మీ కంప్యూటర్ ముందుకే వస్తుంది. కథ వినకుండా వెళ్లిన ఆటగాడికి అది ఒక మామూలు ఫైలు. విన్నవాడికి ఒక మనిషి ప్రాణం.

ఇంకో మెలిక ఉంది. మీ నౌక నడిపే పైలట్ పేరు జోకర్. పేరుకు తగ్గట్టే ఎప్పుడూ ఛలోక్తులు. తన చెల్లెలు, నాన్న టిప్‌ట్రీ అనే ఊళ్లో ఉన్నారని మాటల మధ్య అంటాడు. ఆసుపత్రిలో ఆమె చెప్పేది కూడా టిప్‌ట్రీ సంగతే. ఈ రెండింటినీ కలిపి ఆట ఎక్కడా గట్టిగా చెప్పదు. విన్నవాళ్లే కలుపుకోవాలి. కలిపిన క్షణాన గుండె జారుతుంది. ఆ తర్వాత జోకర్ వేసే జోకు మునుపటిలా వినిపించదు.

చెప్పాల్సిందంతా ఒకే చోట చెప్పేయకుండా రెండు నోళ్లలో పంచిపెట్టడం గేమ్ రైటింగ్‌లో బలమైన పద్ధతి. సినిమా ప్రేక్షకుడు కూర్చుని ఉంటాడు. ఆటగాడు తిరుగుతుంటాడు. తిరిగేవాడికి దొరికేలా కథను దాచిపెట్టాలి.

బుర్రకథలో వంతల్లాగా

మరి తోడు సంగతి? రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ‘కంపానియన్’ అంటే పక్కన నిలబడి కాల్చే ఇంకో తుపాకీ మాత్రమే కాదు. మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కథకుడు, అటు ఇటు ఇద్దరు వంతలు. ఒకరు హాస్యపు వంత, ఇంకొకరు రాజకీయ వంత. కథకుడు వీరగాథ ఎత్తుకుంటే ఒకరు నవ్వించి ఊపిరి తీసుకోనిస్తారు. ఇంకొకరు ‘అట్లెందుకు చేసిండు?’ అని నిలదీసి జనం మనసులోని ప్రశ్న అడుగుతారు. వంతలు లేకపోతే కథకుడిది ఒంటి గొంతు. మనవైపు ఒగ్గు కథలోనూ ప్రధాన కథకుడి పక్కన సహాయకులు ఇదే పని చేస్తారు.

నార్మండీలో సహచరులు చేసేదీ అదే. జోకర్ నవ్విస్తాడు. మోర్డిన్ అనే శాస్త్రవేత్త తాను ఒక జాతి సంతానాన్ని అణచివేసే పనిలో పాలుపంచుకున్నానని ఒప్పుకుంటూనే, అది సరైనదేనని వాదిస్తాడు. ఆ వాదన అతన్నే నిద్రపోనివ్వదు. జాక్ అనే యువతి తనను చిన్నప్పుడు బంధించి ప్రయోగాలు చేసిన భవనానికి తిరిగి వెళ్లి దాన్ని పేల్చేయాలనుకుంటుంది. ఒక్కొక్కరిది ఒక్కో గాయం. ఒక్కొక్కరూ దాన్ని ఒక్కో తీరుగా దాచుకుంటారు.

వీళ్లందరిలో అభిమానులకు బాగా దగ్గరైన పాత్ర గారస్. ఒక ద్రోహం వల్ల పదిమంది సహచరుల్ని పోగొట్టుకుంటాడు. నౌకలో మీరు మాట్లాడదామని వెళ్తే చాలాసార్లు ‘తుపాకీ సెట్టింగ్స్ సరిచేస్తున్నా, తర్వాత మాట్లాడదాం’ అన్నట్టు తప్పించుకుంటాడు. అభిమానులకు అదొక జోకు. కాస్త ఆలోచిస్తే, మనసులోది బయటపెట్టలేక పనిలో తల దూర్చే మనిషి కనబడతాడు. అలాంటివాళ్లు మనందరి ఇళ్లల్లో ఉన్నారు.

చివరికి ఆ ద్రోహి దొరుకుతాడు. గారస్ దూరం నుంచి గురి పెడతాడు. ద్రోహితో మాట్లాడుతున్న మీరు ఆ గురికి అడ్డంగా నిలబడి ఉంటారు. పక్కకు జరిగితే తూటా దిగుతుంది. జరగకుండా వింటే, ఆ ద్రోహి కూడా నిద్ర లేక, తిండి సహించక, చనిపోయినవాళ్ల ముఖాలే కనిపిస్తూ కుంగిపోయాడని తెలుస్తుంది. స్నేహితుడి పగకు సాయం చేయడం స్నేహమా? ఆ పగ నుంచి అతన్ని కాపాడటం స్నేహమా? ఆట జవాబు చెప్పదు. మీ కాళ్లు ఎక్కడ నిలబడ్డాయన్నదే జవాబు.

మూడో భాగంలో ఇదే గారస్ మిమ్మల్ని ఎత్తైన చోటికి తీసుకెళ్లి సీసాలు కాల్చే పందెం వేస్తాడు. మీ వంతు వచ్చినప్పుడు గురి చూసి కొట్టొచ్చు. కావాలని తప్పిపోయి, గెలుపు అతనికే వదిలేయొచ్చు. గెలవడమే పనిగా పెట్టుకున్న మాధ్యమంలో, తోటివాడి కోసం ఓడిపోవడాన్ని ఒక బటన్‌గా పెట్టారు. తోడు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే పెద్ద డైలాగ్ అక్కర్లేదు.

నమ్మకం కూడా ఒక లెక్కే

బీటెక్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. భావోద్వేగం వెనక కోడ్ ఉంది.

రెండో భాగంలో ప్రతి సహచరుడికీ ఒక సొంత మిషన్ ఉంటుంది. దాన్ని మీరు పూర్తి చేస్తే వాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది. లోపల చూస్తే అది నిజం లేదా అబద్ధం అన్న ఒక చిన్న వేరియబుల్. చివర్లో ప్రాణాంతకమైన దాడి ఉంటుంది. అప్పుడు మూడు సంగతులు లెక్కలోకి వస్తాయి. సహచరుల నమ్మకం సంపాదించారా? నౌకను మెరుగుపరిచారా? ఏ పనికి ఎవరిని పంపారు? వీటిని బట్టి ఎవరైనా చనిపోవచ్చు. అందరూ బతకొచ్చు. షెపర్డ్ కూడా పోవచ్చు. ఆ ఫలితం సేవ్ ఫైల్‌లో మూడో భాగానికి వెళ్తుంది.

ఇందులో గొప్ప ఏమిటంటే, మీరు మనుషుల కోసం వెచ్చించిన సమయమే వాళ్ల ప్రాణాన్ని నిలబెడుతుంది. ‘పని ముఖ్యం, కబుర్లు తర్వాత’ అనుకున్న ఆటగాడు దానికి మూల్యం చెల్లిస్తాడు. మొదటి భాగంలో ఇంకో రకం నిర్ణయం ఉంది. ఇద్దరు సహచరులు రెండు చోట్ల చిక్కుకుంటారు. ఒకరినే కాపాడగలరు. ఎంత బాగా ఆడినా ఇద్దరూ దక్కరు. ఒక చోట జాగ్రత్తకు ఫలితం ఉంది, ఇంకో చోట ఎంత జాగ్రత్తపడ్డా లేదు. యుద్ధంలో రెండూ నిజమే కాబట్టి రెండింటినీ పెట్టారు. గేమ్ డిజైనర్ ఉద్యోగం అంటే ఇదే: చెప్పాలనుకున్న విషయాన్ని నియమంగా మార్చడం.

మన నేల మీద మౌనం

ఇక్కడి నుంచి మన ఊరివైపు వద్దాం. యుద్ధం అంటే మీకు సరిహద్దులో జరిగేదిగానే తెలిసి ఉండొచ్చు. మీ తాతలకు, అమ్మమ్మలకు అలా కాదు. ఉత్తర తెలంగాణ చరిత్రలో 1948 మార్చిలో మహ్మదాపూర్ గుట్టల దగ్గర నిజాం బలగాల చేతిలో సహచరులతో పాటు నేలకొరిగిన అనభేరి ప్రభాకరరావు ఉన్నారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు ఉన్నాయి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు బలైన ఆదివాసీలు ఉన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఎన్నో ఊళ్లు పగలు పోలీసులకు, రాత్రి అన్నలకు జవాబు చెప్పుకుంటూ బతికాయి. కొడుకు అడవికి పోయిన ఇల్లు ఒకటి, కొడుకు పోలీసులో చేరిన ఇల్లు ఇంకొకటి. రెండు ఇళ్లకూ ఒకే బావి నీళ్లు.

నార్మండీలో పేర్ల గోడ ఎందుకుందో, ఇంద్రవెల్లిలో స్తూపం ఎందుకుందో ఆలోచించండి. పోయినవాళ్లను తలచుకోవడానికి బతికినవాళ్లకు ఒక చోటు కావాలి. ఆ అవసరం కల్పిత గ్రహాల్లోనూ ఉంది, గోండు గూడెంలోనూ ఉంది.

ఈ అనుభవాల్లో ఎక్కువ భాగం మాటల్లోకి రాలేదు. ‘అప్పటి ముచ్చట్లు ఇప్పుడెందుకు బిడ్డా’ అంటారు పెద్దలు. ఆ మాట వెనక భయం ఉంటుంది, దుఃఖం ఉంటుంది, ఒక్కోసారి తప్పు చేశానన్న భావన ఉంటుంది. భయంకరమైన అనుభవం తర్వాత పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ చోటుకు వెళ్లలేకపోవడం, బతికినందుకు సిగ్గుపడటం లాంటివి చాలాకాలం ఉండిపోవచ్చు. ఈ స్థితికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో పీటీఎస్‌డీ అనే పేరుతో తన నిర్ధారణ పుస్తకంలో చోటిచ్చింది. పేరు ఆ ఏడాది వచ్చింది. గాయం మాత్రం కురుక్షేత్రం అంత పాతది. గెలిచి కూడా రాజ్యం వద్దని కుమిలిపోయిన ధర్మరాజు మనకు కొత్త కాదు కదా.

ఇలాంటి విషయాలకు గేమ్ తగిన మాధ్యమమేనా అని మీకే అనుమానం రావొచ్చు. సారయేవో నగర ముట్టడి స్ఫూర్తితో పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ చేసింది. అందులో మీరు సైనికులు కాదు, ఆకలితో, చలితో ఇంట్లో తలదాచుకున్న మామూలు జనం. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని విద్యార్థుల సిఫారసు జాబితాలోకి తీసుకుంది. పుస్తకాల పక్కన ఒక గేమ్‌కు చోటు దక్కిందన్నమాట.

వినడానికి కొన్ని నియమాలు

అయితే ఒక హెచ్చరిక. మీ ఊరి కథ మీ పోర్ట్‌ఫోలియో కోసం ఎదురుచూస్తున్న ముడిసరుకు కాదు. అది ఎవరిదో జీవితం. ఆ మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ల పిల్లలు మీతోనే చదువుతుండొచ్చు.

అడిగేముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేయాలంటే అనుమతి తీసుకోండి. వద్దంటే జేబులో పెట్టేయండి. వాళ్లు ఆగిన చోట మీరూ ఆగండి. ‘తర్వాత ఏమైంది?’ అని గుచ్చకండి. అసలు పేర్లు, ఊరి గుర్తులు వాడకండి. రెండువైపులా మనుషులున్నారన్నది మరవకండి. ఒకరిని రాక్షసుడిని చేస్తే కథ తేలికవుతుంది, అబద్ధమూ అవుతుంది. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. తీసేయమన్నది తీసేయండి. ఈ పద్ధతి మర్యాదే కాదు, నైపుణ్యం కూడా. మనుషుల్ని జాగ్రత్తగా వినగలిగే రచయితకే పాత్ర గొంతు పట్టుబడుతుంది.

పదిహేను సీన్ల నమూనా

ఇప్పుడు పని. మూడు పాత్రలు, పదిహేను సీన్లు, రెండు వేరియబుల్స్. అంతకు మించి వద్దు. ఒక ఉదాహరణ తీసుకుందాం.

సెలవు మీద ఊరికొచ్చిన జవాను. దోస్తు పెళ్లి. బరాత్‌లో డీజే మోత, పటాకులు. ఒక్క పెద్ద చప్పుడుకు జవాను గోడకు ఒదిగిపోతాడు. ఆటగాడు అతని చిన్ననాటి మిత్రుడు. ముందు మూడు దారులు. ‘ఏమైందిరా?’ అని అందరి ముందూ అడగొచ్చు. ‘దా, చాయ్ తాగొద్దాం’ అని పక్కకు తీసుకెళ్లొచ్చు. చూడనట్టు ఊరుకోవచ్చు. మొదటి దారిలో నమ్మకం తగ్గుతుంది, అతను నవ్వి మాట దాటేస్తాడు. రెండో దారిలో నమ్మకం పెరుగుతుంది కానీ ఆ రాత్రే ఏమీ చెప్పడు. రెండు రోజుల తర్వాత, చెరువు కట్ట మీద, అడగకుండానే ఒక మాట అంటాడు. మూడో దారిలో ఏమీ మారదు. సెలవు అయిపోయి బస్సెక్కేటప్పుడు మాత్రం అతను మీవైపు చూడడు.

ఇక్కడ యుద్ధం ఒక్క సీన్‌లోనూ లేదు. అయినా కథంతా యుద్ధం గురించే.

దీనికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. ‘ట్వైన్’ ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. తెలుగులోనే రాయొచ్చు. కొంచెం కోడింగ్ వస్తే ‘ఇంక్’ అనే స్క్రిప్టింగ్ భాష ఉంది, అదీ ఉచితమే. బొమ్మలతో చేయాలంటే ‘గోడో’ ఇంజిన్ నేర్చుకోండి. పూర్తయ్యాక ఇచ్ డాట్ ఐఓ లాంటి చోట పెడితే, ఆ లింక్ రెజ్యూమెలో ఒక వరుస అవుతుంది. పక్కనే ఇంగ్లిష్ అనువాదం, ఒక పేజీ డిజైన్ నోట్ జత చేయండి. ఏ నిర్ణయం ఎందుకు పెట్టారో, దేన్ని తీసేశారో ఆ నోట్‌లో ఉండాలి. ఏటా జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో పాల్గొంటే, ప్రోగ్రామర్‌తోను, ఆర్టిస్టుతోను కలిసి పనిచేసిన అనుభవం దక్కుతుంది.

గేమింగ్ పీసీ లేదని ఆగకండి. మాస్ ఎఫెక్ట్ మొత్తం ఆడిన వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ‘దిస్ వార్ ఆఫ్ మైన్’కు మొబైల్ వెర్షన్ ఉంది. ఒక సీన్ చూసి ఆపండి. నోట్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఆటగాడి చేతిలో ఏం పెట్టారు? ఏం లాక్కున్నారు? ఏది చెప్పకుండా వదిలేశారు? ఈ నిర్ణయం తర్వాత ఎక్కడ తిరిగి వస్తుంది? వంద గంటలు ఆడటం కంటే పది సీన్లకు ఈ జవాబులు రాయడం మీకు ఎక్కువ నేర్పుతుంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు

ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ‘గేమ్ అంటే రమ్మీనా?’ అని. కాదని స్పష్టంగా చెప్పండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. మీరు వెళ్లాలనుకుంటున్నది బొమ్మ, కోడ్, కథ కలిసే పరిశ్రమలోకి.

బయోవేర్ యజమాని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉంది. హైదరాబాద్‌కే చెందిన ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో ‘అసుర’ అనే గేమ్ విడుదల చేసింది. పుణె, బెంగళూరు, ముంబయిల్లో స్టూడియోలు ఉన్నాయి.

అలాగని కల అమ్మడం మాకిష్టం లేదు. నరేటివ్ డిజైనర్ పేరుతో ఫ్రెషర్లకు వచ్చే ఖాళీలు మన దేశంలో తక్కువ. చాలామంది క్వాలిటీ టెస్టర్‌గానో, జూనియర్ డిజైనర్‌గానో, ప్రోగ్రామర్‌గానో, ఆర్టిస్టుగానో చేరి తర్వాత అటు జరుగుతారు. భాష మీద పట్టుంటే లోకలైజేషన్ ఇంకో దారి. పరిశ్రమలో ఒడిదుడుకులు కూడా ఎక్కువే. ఇంత పేరున్న బయోవేర్‌లోనే 2023 ఆగస్టులో సుమారు 50 మందిని తొలగించారు. కాబట్టి డిగ్రీ పక్కన పెట్టి దూకకండి. ప్రధాన ఉద్యోగ ప్రయత్నం సాగుతుండగానే రోజుకు గంట దీనికి ఇవ్వండి. ఇక్కడ నేర్చుకునే కథా నిర్మాణం, యూజర్ ఎలా ఆలోచిస్తాడన్న అవగాహన, వేరియబుల్స్‌తో ఆలోచించడం యాప్ డిజైన్, ఈ-లెర్నింగ్, ప్రకటనల రంగాల్లోనూ పనికొస్తాయి.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్, ఎండిజైన్‌కు సీడ్ రాయాలి. ఎన్ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ ఉంది. ఫీజులు, తేదీలు ఆయా వెబ్‌సైట్లలోనే చూసుకోండి. దగ్గర్లో కావాలంటే 2020లో మొదలైన కరీంనగర్ ఐటీ టవర్‌లోని ‘టాస్క్’ కేంద్రంలో ఏ శిక్షణలు నడుస్తున్నాయో వెళ్లి కనుక్కోండి. ఏ ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లోనైనా లక్షలు కట్టేముందు, అక్కడ చదివినవాళ్లు చేసిన గేమ్‌లు చూపించమని అడగండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

ఎవరైనా గుర్తొచ్చారా?

ఇదంతా చదువుతుంటే మీకు ఎవరో ఒకరు గుర్తొచ్చి ఉంటారు. డ్యూటీ నుంచి వచ్చాక మాట తగ్గించేసిన అన్న కావచ్చు. రాత్రిళ్లు లేచి కూర్చునే నాన్న కావచ్చు. ఉద్యోగం రాక, ఇంటికి ఫోన్ చేయలేక నలిగిపోతున్న రూమ్మేట్ కావచ్చు. మీరే కావచ్చు. ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న సేవ ఇది.

ఆటలో సహచరుల దగ్గరికి వెళ్లి పలకరించకపోతే వాళ్ల కథ తెలియదు, చివరి పోరులో కొందరు దక్కరు. మళ్లీ లోడ్ చేసుకుని సరిదిద్దుకునే వీలు మాత్రం ఉంటుంది. ఇంట్లో మనుషులకు సేవ్ ఫైల్ లేదు. ఈ ఆదివారం ట్వైన్ తెరిచి మొదటి సీన్ రాయండి. అంతకంటే ముందు, గుర్తొచ్చిన ఆ మనిషి దగ్గరికి వెళ్లి ‘దా, చాయ్ తాగొద్దాం’ అనండి.